సల్ఫర్-35 స్పిన్‌ని మైక్రోవేవ్‌తో ఎలా పట్టారు? గైగర్ కౌంటర్ ఊసే లేదేంటి?

తారక్_ఎమ్మెస్సీ | ఆదివారం, రాత్రి 9:10

అందరికీ నమస్కారం. ఎమ్మెస్సీ ఫిజిక్స్ రెండో ఏడాది. వచ్చే శనివారం సెమినార్. చీటీలు తీస్తే నాకు "రేడియోధార్మిక ఐసోటోపుల కేంద్రక ధర్మాలు, మైక్రోవేవ్ స్పెక్ట్రోస్కోపీ" వచ్చింది. మిగతావాళ్లకి లేజర్లు, సూపర్ కండక్టర్లు వచ్చాయి, నాకేమో ఇది.

1949లో కోహెన్, కోస్కి, వెంటింక్ అనే ముగ్గురు సల్ఫర్-35 కేంద్రకం స్పిన్ (దాని సొంత భ్రమణానికి కొలత) 3/2 అని మైక్రోవేవ్‌తో తేల్చారని చదివాను. సల్ఫర్-35 బీటా కిరణాలు వదులుతుంది, అర్ధాయువు 87 రోజులు. అలాంటప్పుడు కేంద్రకం గురించి తెలియాలంటే ఆ కిరణాలనే కొలవాలి కదా? మైక్రోవేవ్ ఫోటాన్ శక్తి కేంద్రక శక్తుల ముందు చీమ. అది కేంద్రకాన్ని ఎలా కదిలిస్తుంది? ఓవెన్‌లో వాడే మైక్రోవేవ్ కూడా ఇదేనా? కాస్త మొదటి నుంచి చెప్పండి, ప్లీజ్.

ఎలక్ట్రాన్_బాబు | ఆదివారం, రాత్రి 9:32

సింపుల్ బ్రో. స్పిన్ ఐ ఉంటే గీత 2ఐ+1 ముక్కలవుతుంది. నాలుగు గీతలు కనిపించాయంటే ఐ = 3/2. లెక్కపెట్టుకోవడమే. సెమినార్ అయిపోయింది, పడుకో 😄

పాత_క్లిస్ట్రాన్ | ఆదివారం, రాత్రి 10:05

బాబూ, అంత తొందరొద్దు. ఆ లెక్క ఇక్కడ పనిచేయదు, దాని సంగతి కాసేపాగి చెప్తాను.

తారక్, నీ అనుమానం సరైనదే. మైక్రోవేవ్ కేంద్రకాన్ని కదిలించదు. తిప్పేది అణువుని. కార్బొనిల్ సల్ఫైడ్ తీసుకో. ఆక్సిజన్, కార్బన్, సల్ఫర్ మూడూ ఒకే వరసలో, పుల్లకి గుచ్చిన మూడు పూసల్లా ఉంటాయి. వాయువుగా ఉన్నప్పుడు ఈ పుల్ల గింగిరాలు తిరుగుతుంది. తిరిగే వేగానికి ఇష్టం వచ్చిన విలువ ఉండదు, మెట్లుంటాయి. ఆ మెట్టు నంబరే జె. మెట్టుకీ మెట్టుకీ మధ్య శక్తి సరిగ్గా మైక్రోవేవ్ ఫోటాన్ అంత. మామూలు సల్ఫర్-32 ఉన్న అణువు జె=1 నుంచి 2కి ఎక్కేటప్పుడు 24,325.9 మెగాహెర్ట్జ్ దగ్గర శక్తి తాగుతుంది. యుద్ధకాలపు రాడార్ల పుణ్యమా అని 24 గిగాహెర్ట్జ్ చుట్టుపక్కల క్లిస్ట్రాన్లు (మైక్రోవేవ్ పుట్టించే ట్యూబులు) 1946 నాటికి ల్యాబుల్లోకి వచ్చేశాయి, అందుకే ఆ గీత అందరికీ తెలిసిన గీత అయిపోయింది.

ఇక కేంద్రకం ఎక్కడొస్తుందంటావా. స్పిన్ 1 లేదా అంతకంటే ఎక్కువ ఉన్న కేంద్రకం పూర్తి గోళం కానక్కర్లేదు. కోడిగుడ్డులా సాగి ఉండొచ్చు, ఇడ్లీలా అణిగి ఉండొచ్చు. చుట్టూ ఉన్న ఎలక్ట్రాన్లు సల్ఫర్ దగ్గర సమానంగా పరుచుకుని లేవు, బంధం ఒకవైపే ఉంది. కాబట్టి ఈ గుడ్డు ఎటు వాలి ఉందనే దాన్నిబట్టి శక్తి కొంచెం మారుతుంది. వాలు కూడా ఇష్టం వచ్చినట్టు ఉండదు, కొన్ని కోణాలే. అందుకే ఒక్క భ్రమణ గీత కొన్ని మెగాహెర్ట్జ్ ఎడంతో చిన్న చిన్న గీతలుగా చీలుతుంది. ఆ చీలిక చూసి గుడ్డు సంగతి చెప్పేస్తాం. దీన్నే క్వాడ్రుపోల్ చీలిక అంటారు.

ఓవెన్‌ది 2.45 గిగాహెర్ట్జ్. అక్కడ ద్రవం నీరు వేడెక్కడం వేరే కథ, దానికి ఇలాంటి సన్నటి గీతలుండవు. కలపకు.

తారక్_ఎమ్మెస్సీ | ఆదివారం, రాత్రి 10:21

చాలా థ్యాంక్స్ సార్. అంటే రేడియోధార్మికతకీ ఈ కొలతకీ అసలు సంబంధమే లేదన్నమాట?

పాత_క్లిస్ట్రాన్ | ఆదివారం, రాత్రి 10:30

కొలతకి లేదు. కష్టానికి ఉంది.

ఉష_కెమ్ | సోమవారం, ఉదయం 6:48

ఆ కష్టం గురించి నేను చెప్తాను, అది కెమిస్టుల నెత్తినే పడుతుంది కాబట్టి.

వాయువు నింపే కె-బ్యాండ్ వేవ్‌గైడ్ (మైక్రోవేవ్ నడిచే లోహపు గొట్టం) లోపల 1.07 సెం.మీ. వెడల్పు, 0.43 సెం.మీ. ఎత్తు. మీటరు పొడవు తీసుకుంటే 46 ఘన సెంటీమీటర్లు. పీడనం 0.01 మి.మీ. పాదరసం దగ్గర ఉంచాలి, లేకపోతే అణువులు ఒకదానికొకటి గుద్దుకుని గీతలు లావెక్కిపోతాయి. ఈ లెక్కన గొట్టంలో ఉండే అణువులు 1.5 × 10^16. అంతా శుద్ధ సల్ఫర్-35 అయితే దాని రేడియోధార్మికత సుమారు 37 మిల్లీక్యూరీలు. బరువు ఒక మైక్రోగ్రాము కూడా ఉండదు! ఒక క్యూరీ సల్ఫర్-35 అంటేనే 23 మైక్రోగ్రాములు మరి.

కంటికి కనపడని పదార్థంతో కెమిస్ట్రీ చేయాలి. సల్ఫర్-35ని రియాక్టర్లో క్లోరిన్-35 మీద న్యూట్రాన్లు పడేసి తయారుచేస్తారు, పొటాషియం క్లోరైడ్ డబ్బా లోపల పెడితే చాలు. దాన్ని వేరుచేసి, చివరికి కార్బన్ మోనాక్సైడ్‌తో కలిపి కార్బొనిల్ సల్ఫైడ్‌గా మార్చాలి. అంత తక్కువ పదార్థం గాజు గోడలకే అంటుకుపోతుంది. అందుకే మామూలు సల్ఫర్ కొంచెం కలుపుతారు, దాన్ని క్యారియర్ అంటాం. కలిపితే పని సులువు, కానీ సిగ్నల్ పలచబడుతుంది. ఈ రెండిటి మధ్యే బేరం.

ఎలక్ట్రాన్_బాబు | సోమవారం, ఉదయం 8:15

ఉష గారూ, నూటికి ఒక వంతు సల్ఫర్-35 ఉంటే గీత కనిపిస్తుందా? 99 వంతుల సల్ఫర్-32 దాన్ని మింగేయదా?

ఉష_కెమ్ | సోమవారం, ఉదయం 8:40

మింగదు. మైక్రోవేవ్‌లో ఉన్న అందమే అది. సల్ఫర్-32 గీత 24,326 దగ్గర, సల్ఫర్-34ది 23,731 దగ్గర. వందల మెగాహెర్ట్జ్ దూరం. గీత మందమేమో మెగాహెర్ట్జ్‌లో పదో వంతు. ఒకదాని వాకిట్లోకి ఒకటి రాదు.

నూటికి ఒక వంతు సరిపోతుందా అన్నారు. సల్ఫర్-33 ప్రకృతిలోనే 0.75 శాతం ఉంటుంది. టౌన్స్, గెష్విండ్ 1948లోనే మామూలు సల్ఫర్‌తో ఆ గీతలు చూసి స్పిన్ 3/2 అన్నారు. అంటే ఒక శాతం ఉన్నదాన్ని పట్టగలమని అప్పటికే రుజువైంది. ఆ మరుసటి ఏడాదే సల్ఫర్-35 రావడం యాదృచ్ఛికం కాదని నా అభిప్రాయం.

హైదరాబాద్_బయో | సోమవారం, మధ్యాహ్నం 1:20

భోజనం టైమ్‌లో చదివాను, ఆగలేక రాస్తున్నాను. సల్ఫర్-35 మా పాత నేస్తం. ప్రోటీన్లకి గుర్తు పెట్టడానికి సల్ఫర్-35 ఉన్న మిథియోనిన్ వాడేవాళ్లం. 1952లో హెర్షీ, చేజ్ వైరస్ ప్రోటీన్‌కి సల్ఫర్-35, డీఎన్‌ఏకి ఫాస్ఫరస్-32 గుర్తుపెట్టి చేసిన ప్రయోగం డిగ్రీ పిల్లలందరికీ తెలుసు.

ఒక జాగ్రత్త. దీని బీటా గరిష్ఠంగా 167 కిలో ఎలక్ట్రాన్ వోల్టులే. వేవ్‌గైడ్ లోహం ఇట్టే ఆపేస్తుంది, బయట నిలబడ్డవాడికి భయం లేదు. కానీ మందపాటి కిటికీ ఉన్న గైగర్ కౌంటర్ కూడా దాన్ని పట్టుకోలేదు! కౌంటర్ "టిక్" అనలేదు కదా అని ధీమాగా ఉంటాం, చేతులకి అంటుకుని ఉంటుంది. నేను చేరిన కొత్తలో ఫ్రీజర్ నుంచి తీసిన సీసా మూత ఫ్యూమ్ హుడ్ బయట తెరిచాను. మిథియోనిన్ కొంత విచ్ఛిన్నమై ఆవిరయ్యే సల్ఫర్ పదార్థాలు వస్తాయని నాకప్పుడు తెలియదు. సాయంత్రం బల్ల, పెన్ను, నా వాచీ బెల్టు అన్నీ తుడిచి కౌంట్ చేయించారు. వాచీ మూడు నెలలు సీసం డబ్బాలో ఉంది. మీ కార్బొనిల్ సల్ఫైడ్ అయితే పూర్తిగా వాయువే, పంపు నుంచి ఎక్కడికి పోతుందో చూసుకోవాలి.

ఉష_కెమ్ | సోమవారం, మధ్యాహ్నం 2:02

నిజం. అందుకే పంపుకి ముందు ద్రవ నైట్రోజన్ ట్రాప్ పెడతారు. కార్బొనిల్ సల్ఫైడ్ అక్కడ గడ్డకట్టి ఆగిపోతుంది, మళ్లీ వేడిచేసి వాడుకోవచ్చు. పైగా రోజుకి నూటికి 0.8 వంతు క్లోరిన్-35గా మారిపోతూ ఉంటుంది, ఆలస్యం చేసేకొద్దీ సరుకు తగ్గుతుంది. మీ వాచీ కథ బాగుంది 😅

పాత_క్లిస్ట్రాన్ | సోమవారం, రాత్రి 8:55

ఇప్పుడు బాబు లెక్క సంగతి.

జె=0 నుంచి 1 గీత తీసుకో, అర్థం చేసుకోవడానికి తేలిక. జె=1 ఉన్నప్పుడు కేంద్రకపు స్పిన్ దానితో మూడు రకాలుగానే కలవగలదు. స్పిన్ 1 అయినా, 3/2 అయినా, 7/2 అయినా మూడే గీతలు. 2ఐ+1, 2జె+1 రెండింటిలో ఏది చిన్నదైతే అన్ని. లెక్కపెడితే ఏం తెలుస్తుంది? స్పిన్ సున్నా, సగం కాదని మాత్రమే తెలుస్తుంది.

అసలు గుట్టు గీతల మధ్య దూరాల్లో ఉంది. మూడు గీతల్లో ఒకటి గట్టిది, ఒకటి మధ్యస్థం, ఒకటి బలహీనం. గట్టిదానికీ మధ్యస్థానికీ ఉన్న దూరాన్ని, గట్టిదానికీ బలహీనానికీ ఉన్న దూరంతో పోల్చు. స్పిన్ 3/2 అయితే 5:4. స్పిన్ 2 అయితే 9:5. 5/2 అయితే 7:3. 7/2 అయితే 27:8. కాసిమిర్ ఫార్ములాలో (క్వాడ్రుపోల్ చీలిక లెక్కకట్టే సూత్రం) విలువలు వేసి చూసుకో, ఒక పేజీ పని. తీవ్రతలు కూడా సాక్ష్యం చెబుతాయి: 3/2కి 3:2:1, 5/2కి 4:3:2. స్పిన్ తేలాక, దూరాల మొత్తం సైజు నుంచి క్వాడ్రుపోల్ బలం వస్తుంది.

టౌన్స్, ఆమోట్ 1949లోనే క్లోరిన్-36ని సయనోజెన్ క్లోరైడ్‌లో ఇలాగే పట్టి స్పిన్ 2 అన్నారు. దాని అర్ధాయువు 3 లక్షల ఏళ్లు, ఒక గ్రాముకి 33 మిల్లీక్యూరీలే, సల్ఫర్-35తో పోలిస్తే ఆడుతూ పాడుతూ చేసే పని. అయోడిన్-129 ఇంకా సుఖం, కోటిన్నర ఏళ్లు పైనే. అదే ఏడాది డ్యూక్ యూనివర్సిటీలో లివింగ్‌స్టన్, గిల్లియమ్, గోర్డీ మిథైల్ అయొడైడ్‌లో దాన్ని చూసి 7/2 అన్నారు. మామూలు అయోడిన్-127ది 5/2. రెండు న్యూట్రాన్లు ఎక్కువైతే బయటి ప్రోటాన్ కేంద్రకం లోపలే వేరే గదికి (శక్తి స్థాయికి) మారిపోయింది.

ఆ గోర్డీ ల్యాబ్‌లోనే తర్వాత మన పుచ్చా వెంకటేశ్వర్లు గారు పనిచేశారు. మిథనాల్ మైక్రోవేవ్ స్పెక్ట్రం మీద వారి పేపర్లు 1955లో వచ్చాయి. సెమినార్‌లో ఈ మాట చెప్పు, వెనక బెంచీ కూడా లేచి కూర్చుంటుంది.

ఎలక్ట్రాన్_బాబు | సోమవారం, రాత్రి 9:20

ఒప్పుకున్నాను సార్. నాలుగు గీతలని ఎక్కడ చదివానో ఇప్పుడు గుర్తొచ్చింది, అది అయస్కాంత క్షేత్రంలో చీలిక. మా ల్యాబ్‌లో కూడా క్లిస్ట్రాన్ బెంచీ ఉంది. మోడ్ కర్వ్ (వోల్టేజి మారుస్తూ పవర్ గ్రాఫ్) గీసి వదిలేశాం, దానితో కేంద్రకాన్ని కొలవచ్చని ఎవరూ చెప్పలేదు.

పాత_క్లిస్ట్రాన్ | సోమవారం, రాత్రి 9:41

మీదే కాదు, ప్రతి కాలేజీలోనూ అంతే. 9 గిగాహెర్ట్జ్ ఎక్స్-బ్యాండ్, పక్కన గిర్రున తిరిగే చిన్న ఫ్యాను, రిపెల్లర్ (ఎలక్ట్రాన్లని వెనక్కి తోసే పలక) వోల్టేజి నాబు, మోడ్ కర్వ్, సంతకం, అయిపోయింది. నేను పనిచేసిన చోట ఒకడు రిపెల్లర్ వోల్టేజి పెట్టకుండా బీమ్ ఆన్ చేశాడు. ఎలక్ట్రాన్లన్నీ పోయి రిపెల్లర్‌కే తగిలాయి. ట్యూబ్ పోయింది. కొత్తది రావడానికి పదకొండు నెలలు, ఆ బ్యాచ్ మొత్తం పాత బ్యాచ్ రీడింగులే కాపీ కొట్టింది. నేనూ చూసీచూడనట్టు ఊరుకున్నాను.

తారక్_ఎమ్మెస్సీ | మంగళవారం, రాత్రి 10:12

సార్, ఒక చోట ఆగిపోయాను. సల్ఫర్-33కీ సల్ఫర్-35కీ స్పిన్ 3/2నే. కానీ క్వాడ్రుపోల్ బలం ఒకదానికి మైనస్ 29 మెగాహెర్ట్జ్, రెండోదానికి ప్లస్ 20 చిల్లర. గుర్తు ఎలా తెలిసింది? ఎందుకు మారింది?

పాత_క్లిస్ట్రాన్ | మంగళవారం, రాత్రి 10:50

ఎలా తెలిసిందో నువ్వే చూడు. జె=0 నుంచి 1కి సల్ఫర్-33 వేసుకో. చీలిక లేకపోతే గీత ఉండాల్సిన చోటు సున్నా అనుకుంటే, మధ్యస్థ గీత ఎడమవైపు 5.8 మెగాహెర్ట్జ్ దగ్గర, గట్టిది కుడివైపు 1.5 దగ్గర, బలహీనమైనది కుడివైపే 7.3 దగ్గర. సల్ఫర్-35కి మొత్తం అద్దంలో చూసినట్టు తిరగబడుతుంది. బలహీనమైనది ఎడమవైపు 5 దగ్గర, గట్టిది ఎడమవైపు 1 దగ్గర, మధ్యస్థం కుడివైపు 4 దగ్గర. రెండు చార్టులు పక్కపక్కన పెడితే ఫార్ములా కూడా అక్కర్లేదు.

ఎందుకు మారిందంటే, సల్ఫర్-33లో 17 న్యూట్రాన్లు, సల్ఫర్-35లో 19. 16 దాటాక న్యూట్రాన్లు డి-3/2 గదిలోకి వెళ్తాయి. ఆ గదిలో నాలుగు చోట్లు, 20తో నిండుతుంది. సల్ఫర్-33లో ఒక్కడే ఉన్నాడు. సల్ఫర్-35లో ముగ్గురున్నారు, అంటే ఒక ఖాళీ. నిండిన గది గోళమే. ఒక్కడుంటే ఇడ్లీ, నిండిన గదిలో ఒక్కడు లేకపోతే కోడిగుడ్డు. ఈ గదుల లెక్కే అయిన మేయర్, యెన్సెన్ షెల్ మోడల్ బయటికొచ్చింది కూడా 1949లోనే. ఆ టైములో ఈ గుర్తు మారడం చూసినవాళ్లకి ఎలా ఉండి ఉంటుందో ఊహించుకో.

హైదరాబాద్_బయో | మంగళవారం, రాత్రి 11:15

ఫిజిక్స్ నాకు అంతగా రాదు, అయినా అడుగుతాను. న్యూట్రాన్‌కి చార్జి లేదు కదండీ. ఎలక్ట్రాన్లకి దాని ఆకారంతో పనేంటి? చార్జి లేనివాడు ఇడ్లీలా తిరిగితే ఏంటి, గుడ్డులా తిరిగితే ఏంటి?

పాత_క్లిస్ట్రాన్ | బుధవారం, ఉదయం 6:05

అమ్మా, ఈ దారం మొత్తంలో మంచి ప్రశ్న ఇదే. ఫిజిక్స్ రాదని ఇంకెప్పుడూ అనకండి.

ఆ న్యూట్రాన్ ఒక్కటే అయితే క్వాడ్రుపోల్ సున్నా. కానీ అది ఊరికే తిరగదు, లోపలున్న 16 ప్రోటాన్లని తనవైపు లాగుతూ తిరుగుతుంది. నడుము చుట్టూ తిరిగితే ప్రోటాన్లు కూడా నడుము దగ్గర కాస్త ఉబ్బుతాయి. మనం కొలిచేది ఆ ఉబ్బునే. అందుకే నిన్న ఇడ్లీ, గుడ్డు అన్నది కొంచెం అతి. మొత్తం కేంద్రకం అలా మారిపోయిందని కాదు, గోళానికి వచ్చిన చిన్న వాపు అంతే. తారక్, బోర్డు మీద బొమ్మ వేసేటప్పుడు మరీ సాగదీయకు.

తారక్_ఎమ్మెస్సీ | గురువారం, రాత్రి 11:30

సార్, ఉష గారూ, రెండు రోజులుగా ఒక లెక్క చేస్తున్నాను. సల్ఫర్-35 గీత ఎక్కడ వెతకాలో వాళ్లకి ముందే తెలియాలి కదా. 32కి 24,325.9, 34కి 23,731.3. తేడా 594.6, అంటే ఒక యూనిట్‌కి 297.3. కాబట్టి 35కి 23,434 మెగాహెర్ట్జ్. కరెక్టేనా?

ఉష_కెమ్ | శుక్రవారం, ఉదయం 7:10

అదే స్కేలు సల్ఫర్-33 మీద పెట్టి చూడండి. మీ లెక్కన 24,028.6 రావాలి. కానీ నిజం గీత 24,020 దగ్గరుంది. సరళరేఖ పనిచేయడం లేదు. సల్ఫర్ బరువెక్కేకొద్దీ అణువు ద్రవ్యరాశి కేంద్రం కూడా దానివైపు జరుగుతుంది, అందుకని ప్రతి అదనపు యూనిట్ ప్రభావం తగ్గుతూ వస్తుంది. ఫ్రీక్వెన్సీతో కాకుండా జడత్వ భ్రామకంతో లెక్క చేయండి.

తారక్_ఎమ్మెస్సీ | శుక్రవారం, సాయంత్రం 5:45

చేశాను. 33కి 24,019.7 వచ్చింది, సరిపోయింది! 35కి 23,457.5. మొదటి అంచనాకి 24 మెగాహెర్ట్జ్ పక్కన. చీలిక మొత్తమే పది మెగాహెర్ట్జ్ పైచిలుకు కాబట్టి, నా సరళరేఖ నమ్ముకుంటే ఒక్క గీత కూడా కనిపించేది కాదు.

కానీ కొత్త టెన్షన్ మొదలైంది. ఇదే ముగ్గురు 1951లో ఈ గీత చోటు నుంచి సల్ఫర్-35 ద్రవ్యరాశి తేల్చారని ఉంది. నేను ద్రవ్యరాశి వేసి గీత కనుక్కున్నాను, వాళ్లు గీత చూసి ద్రవ్యరాశి కనుక్కున్నారు. గుండ్రంగా తిరిగినట్టు లేదూ? రేపు ఎవరైనా అడిగితే?

పాత_క్లిస్ట్రాన్ | శుక్రవారం, రాత్రి 8:20

అడుగుతారు, అడగాలి కూడా. నువ్వు 34.969 బదులు గుండ్రంగా 35 వేసి చూడు. గీత 8 మెగాహెర్ట్జ్ మాత్రమే జరుగుతుంది. వెతకడానికి అది చాలు, క్లిస్ట్రాన్‌ని పది, ఇరవై మెగాహెర్ట్జ్ అటూ ఇటూ తిప్పితే దొరికిపోతుంది. దొరికాక దాన్ని మెగాహెర్ట్జ్‌లో ఇరవయ్యో వంతు దాకా కొలుస్తావు. అక్కడ ద్రవ్యరాశి యూనిట్‌కి సుమారు 266 మెగాహెర్ట్జ్ కాబట్టి, ద్రవ్యరాశి 0.0002 యూనిట్ వరకు వస్తుంది. ముతక విలువ వేసి వెళ్లావు, సన్న విలువ తీసుకుని వచ్చావు. ఆ పైన అణువు కంపనాల సవరణ అడ్డొస్తుంది, అది అడిగితే మాత్రం నన్ను తలుచుకో.

ఎలక్ట్రాన్_బాబు | శనివారం, మధ్యాహ్నం 12:40

ఏమైంది బ్రో?

తారక్_ఎమ్మెస్సీ | శనివారం, మధ్యాహ్నం 3:15

ద్రవ్యరాశి ప్రశ్న ఎవరూ అడగలేదు. న్యూట్రాన్‌కి చార్జి లేదు కదా అని మా హెచ్‌ఓడీ అడిగారు. బయో మేడమ్‌కి దండాలు 🙏